కెమెరాను పొద్దుగూకాక చూడాలి

మొన్న ఫిబ్రవరిలో మెట్‌పల్లిలోని మా అక్క వాళ్లింటికి వెళ్లాను. పసుపు ఉడికించే రోజులు. ఊరి పొలిమేర నుంచే ఆ వాసన తెలుస్తోంది. గుమ్మంలో చెప్పులు విప్పకముందే మేనల్లుడు ఎదురొచ్చాడు. వాడిది డిగ్రీ చివరి ఏడాది. ఆదివారం వస్తే చాలు, స్నేహితుడి కెమెరా అడుక్కుని ధర్మపురి గోదావరి ఒడ్డుకో, ఊరి చెరువు కట్ట మీదికో పోతాడు. కొంగలు, నీటికోళ్లు, పడవలు... ఏది కనిపిస్తే అది తీస్తాడు. ఇప్పుడు సొంత కెమెరా కావాలన్నాడు. దుబాయ్‌లో ఉన్న మా బావ నలభై వేలు పంపించాడు.

"మామా, రెండు బేరాలున్నయ్. ఏది తీస్కోవాల్నో నువ్వే చెప్పాలె" అన్నాడు.

మొదటిది నికాన్ డీ3500. ఎవరో కొని, నాలుగు రోజులు వాడి బీరువాలో పెట్టేశారు. అట్టపెట్టె, బిల్లు, బ్యాగుతో పాటు రెండు లెన్సులు. అందులో ఒకటి పిట్టల ఫొటోలకు పనికొచ్చే 70-300. ఒంటి మీద గీత పడలేదు. మొత్తం ముప్పయ్యారు వేలు.

రెండోది నికాన్ డీ7200. ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ది. ఆయన మిర్రర్‌లెస్ కెమెరాకు మారుతూ దీన్ని అమ్ముతున్నాడు. చేత్తో పట్టుకునే చోట రబ్బరు అరిగి నున్నగా అయిపోయింది. లెన్సు లేదు, బాడీ ఒక్కటే. ముప్పై వేలు.

"రెండిట్ల ఇరవై నాలుగు మెగాపిక్సెళ్లే గద మామా! మరి గా అరిగిపోయినదాన్కి గన్ని పైసలెందుకు?"

మంచి ప్రశ్న. కెమెరా కొనబోయే ప్రతి ఇంట్లోనూ ఇదే ప్రశ్న. నేను జవాబు చెప్పలేదు. "రెండూ ఒక్కరోజు మనదగ్గర ఉంచుకుంటామని అడుగు. పొద్దుగూకినాక చూద్దాం" అన్నాను. ఎందుకలా అన్నానో చెప్పాలంటే 2009కి వెళ్లాలి.

ఒక సద్దుల బతుకమ్మ

2008 ఆగస్టులో నికాన్ డీ90 వచ్చింది. వీడియో కూడా తీయగల తొలి డీఎస్‌ఎల్‌ఆర్ అదే. పన్నెండు మెగాపిక్సెళ్లు. జీతంలో నెలనెలా దాచి మరుసటేడు కొన్నాను. పట్టపగలు దుకాణంలో నిలబడి కౌంటరు కుర్రాణ్ని తీశాను, రోడ్డు మీద పోయే ఆటోను తీశాను. తెరమీద బొమ్మ అద్దంలా ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు మెట్‌పల్లి వచ్చాను. మా అవ్వ కొత్త చీర కట్టుకుంది. తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మలు మధ్యలో పెట్టి, ఆడవాళ్లంతా చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. చీకటి పడుతోంది. లెన్సులో వీఆర్ ఉంది కదా, చేయి వణికినా పర్లేదన్న ధీమాతో రెండొందల ఫొటోలు తీశాను.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే గుండె జారింది. వెనకున్న గుడి గోడ స్పష్టంగా ఉంది. మధ్యలో బతుకమ్మలు స్పష్టంగా ఉన్నాయి. తిరుగుతున్న మనుషులే లేరు! ఎక్కడ చూసినా అలికేసినట్టు రంగులు. మా అవ్వ ముఖం ఉండాల్సిన చోట ఒక తెల్లటి చార. మరుసటేడు బతుకమ్మ నాటికి అవ్వ లేదు.

తప్పు కెమెరాది కాదు. వీఆర్ ఆపేది మన చేతి వణుకును మాత్రమే, ఎదుటి మనిషి కదలికను కాదు. ఆ లెన్సును దగ్గరకు లాగితే దాని కంత ఎఫ్ 5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. వెలుతురుకు స్పందించే వేగం, అంటే ఐఎస్‌వో, పగలు పెట్టిన 400 దగ్గరే వదిలేశాను. పాపం, కెమెరా ఏం చేస్తుంది? సెకనులో ఎనిమిదో వంతు సేపు షట్టరు తెరిచి ఉంచింది. ఆ కాస్త వ్యవధిలో మనిషి అడుగు వేసేసింది. ఐఎస్‌వో 3200కు పెంచి ఉంటే అది సెకనులో అరవయ్యో వంతు అయ్యేది. పైగా ఎఫ్ 1.8 లెన్సు ఉండి ఉంటే ఐదువందలో వంతు కంటే తక్కువే.

నేను కెమెరాను పరీక్షించింది మిట్టమధ్యాహ్నం. నాకు దానితో అవసరం పడింది మునిమాపు వేళ. అప్పటినుంచి ఎవరు సలహా అడిగినా ఒకటే మాట చెబుతున్నాను. మీకు బాగా కావలసిన ఫొటో ఏదో, అది ఏ వేళ వస్తుందో ముందు చూసుకోండి. ఆ వేళలోనే కెమెరాను చూడండి.

మధ్యరకం అంటే ఏమిటి?

డీఎస్‌ఎల్‌ఆర్‌లలో కొత్తగా నేర్చుకునేవారి కోసం చేసినవి కొన్ని, వృత్తి ఫొటోగ్రాఫర్ల కోసం చేసినవి కొన్ని. ఈ రెంటి నడుమ, ఫొటోలంటే ప్రాణం పెట్టేవాళ్ల కోసం చేసినవి మధ్యరకం. కేనన్‌లో 60డీ (2010), 70డీ (2013), 80డీ (2016), 90డీ (2019) ఆ వరసవి. నికాన్‌లో డీ90 తరవాత డీ7000 (2010), డీ7100 (2013), డీ7200 (2015), డీ7500 (2017). ఈ రెండు వరసలూ అక్కడితో ఆగిపోయాయి. కంపెనీల దృష్టి అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల మీదికి మళ్లింది. స్టూడియోలవాళ్లు కూడా ఒక్కొక్కరే అటు పోతున్నారు. అందుకే ఒకప్పుడు అందని ఈ కెమెరాలు ఇప్పుడు చేతులు మారి మన ఊళ్లలోకి వస్తున్నాయి. ఇది మంచి అవకాశమే. కాకపోతే మోడల్ పేరు చూసి కొనడం కుదరదు. ఎద్దును కొనేటప్పుడు పళ్లు పట్టి చూసినట్టు, చేతిలో ఉన్న ఆ ఒక్క కెమెరానే పట్టి చూడాలి.

ఇక మెగాపిక్సెళ్ల సంగతి. గోడకు తగిలించే పన్నెండు అంగుళాలు, ఎనిమిది అంగుళాల ఫొటోను అంగుళానికి మూడొందల చుక్కల చొప్పున అచ్చు వేయాలంటే ఎనభై ఆరు లక్షల చుక్కలు, అంటే తొమ్మిది మెగాపిక్సెళ్ల లోపే చాలు. నా పాత డీ90కి అది సులువు. పన్నెండు నుంచి ఇరవై నాలుగుకు పెరిగితే బొమ్మ రెట్టింపు పెద్దదవుతుందనుకుంటాం. నిజానికి పొడవూ వెడల్పూ ఒక్కోటి పెరిగేది 1.4 రెట్లే.

డీ3500, డీ7200 సెన్సర్లు రెండూ ఇంచుమించు ఒకే పరిమాణం. ఒకే లెన్సు తగిలించి, స్టాండు మీద పెట్టి, కదలని చెట్టును తీస్తే ఏది ఏ కెమెరాదో మీరు పోల్చలేరు. అయితే మధ్యరకానికి ఎందుకు ఎక్కువ పెట్టాలి? చెట్టు కదలదు. మనుషులు కదులుతారు!

తెల్ల పంచె, పసుపు రాశి, నల్ల బర్రె

మధ్యాహ్నం రెండు కెమెరాలూ వచ్చాయి. ముందుగా దండెం మీద ఆరేసిన ఖద్దరు పంచెను తీయమన్నాను. మెట్‌పల్లి అంటేనే ఖద్దరు కదా! ఫొటోలో పంచె తెల్లగా రాలేదు. మాసినట్టు బూడిద రంగులో వచ్చింది. తరవాత కొట్టంలో బర్రెను తీశాడు. అది నల్లగా రాలేదు, వెలిసిపోయినట్టు వచ్చింది. రెండు కెమెరాలదీ అదే తీరు. కెమెరా లోపలి వెలుతురు కొలత యంత్రం ప్రపంచమంతా మధ్యస్థమైన బూడిద రంగులో ఉంటుందని నమ్ముతుంది. తెలుపు కనిపిస్తే తగ్గిస్తుంది, నలుపు కనిపిస్తే పెంచుతుంది. తెల్లపంచెకు ఒక మెట్టు పెంచాలి, బర్రెకు ఒక మెట్టు తగ్గించాలి. కల్లంలో ఆరబోసిన పసుపుకూ కాస్త తగ్గించాలి. లేకపోతే కొమ్ముల మీది గీతలన్నీ పోయి ఒకటే పచ్చటి ముద్దలా కనిపిస్తుంది.

ఈ దిద్దుబాటు రెండు కెమెరాల్లోనూ చేయొచ్చు. తేడా ఎంతసేపట్లో చేయగలమన్నదే. డీ3500కి తిప్పే చక్రం ఒకటే. అన్నీ మన చేతుల్లోకి తీసుకుంటే, షట్టరు వేగానికీ లెన్సు కంతకూ ఆ ఒక్కటే దిక్కు. ఒకటి మార్చాక బొత్తాం నొక్కిపట్టి రెండోది మార్చాలి. డీ7200కి బొటనవేలి కింద ఒక చక్రం, చూపుడువేలి ముందు ఒక చక్రం. కన్ను తీయకుండానే రెండూ తిరుగుతాయి. పది నిమిషాలు తిప్పాక మావాడే అన్నాడు: "మామా, దీన్ల చూడకుంటనే చెయ్యి పోతుంది."

మధ్యరకం కెమెరాకు మనం పెట్టే అదనపు డబ్బులో పెద్ద వాటా ఈ ఒక్కమాటకే.

రెండో వాటా కన్ను పెట్టి చూసే కిటికీకి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు నుంచి వచ్చిన వెలుతురు అద్దం మీద పడి పైకి వెళ్లి కంటికి చేరుతుంది. డీ3500లో ఆ దారిలో చిన్న అద్దాల అమరిక ఉంటుంది. తీయబోయే బొమ్మలో 95 శాతమే కనిపిస్తుంది. డీ7200లో గాజు పట్టకం ఉంటుంది. చూపు వెలుతురుగా ఉంటుంది, బొమ్మ నూటికి నూరు శాతం కనిపిస్తుంది. పగలు ఈ తేడా పట్టించుకోం. చీకటి పడితే అదే పెద్ద తేడా.

అరుగు మీద బాపమ్మ

సాయంత్రం ఆరు దాటింది. ఇంటి ముందు అరుగు మీద మావాడి బాపమ్మ కూర్చుని బీడీలు చుడుతోంది. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. డెబ్బయ్యేళ్లు దాటినా వేళ్లు ఆగవు. వీధి దీపం ఇంకా వెలగలేదు.

"బాపమ్మను తియ్యి" అన్నాను.

ముందు డీ3500. దానితో వచ్చిన మామూలు లెన్సు. నొక్కగానే కెమెరా ముందున్న చిన్న దీపం వెలిగింది. లెన్సు ముందుకూ వెనక్కూ రెండుసార్లు తిరిగి ఆగింది.

"ఏందిరా అది? కండ్లల్ల లైటు గొడ్తున్నవ్!" అని బాపమ్మ కసిరింది. చేతులు ఆగిపోయాయి. ఇంకేం ఫొటో?

తరవాత డీ7200. 2009 దెబ్బ తరవాత పట్టుబట్టి కొన్న 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు నా సంచిలో ఉంది. పాతకాలం రకం. దానిలో మోటారు ఉండదు, కెమెరాలోని మోటారే దాన్ని తిప్పాలి. డీ90, డీ7200 లాంటివాటిలో ఆ మోటారు ఉంటుంది. డీ3500లో ఉండదు. దానిమీద ఈ లెన్సును చేత్తోనే తిప్పుకోవాలి. మావాడు ప్రయత్నించాడు. వాడు తిప్పి సరిచేసే లోపు బాపమ్మ ఒక బీడీ చుట్టేసి కట్టలో పెట్టేసింది.

డీ7200 మీద మాత్రం నిశ్శబ్దంగా పని జరిగిపోయింది. లెన్సు చిన్నగా గిర్రుమంది, అంతే. కంపెనీ లెక్క ప్రకారం డీ3500 మైనస్ 1 ఈవీ దాకా ఫోకస్ పట్టుకుంటే, ఇది మైనస్ 3 దాకా పడుతుంది. అంటే అక్కడ కావలసిన వెలుతురులో నాలుగో వంతున్నా దీనికి చాలు. బాపమ్మ తల ఎత్తలేదు. వేళ్లు ఆగలేదు.

ఇందులో లెన్సు వాటా ఎంతో ఉందని ఒప్పుకోవాలి. ఎఫ్ 5.6తో పోలిస్తే ఎఫ్ 1.8 కంతలోంచి తొమ్మిదిన్నర రెట్ల వెలుతురు ఎక్కువ వస్తుంది. సొంత మోటారున్న కొత్తరకం 50 ఎంఎం కొంటే డీ3500 మీదా చక్కగా పనిచేస్తుంది. కాబట్టి కెమెరాకే డబ్బంతా పోసేయకండి. రూపాయిలో నాలుగణాలైనా లెన్సుకు మిగుల్చుకోండి.

అలాగని చిన్న కెమెరాను తీసిపారేయక్కర్లేదు. లెన్సు లేకుండా డీ3500 బరువు 365 గ్రాములే, డీ7200 బరువు 675. యాత్రలకు, పిల్లల పుట్టినరోజులకు, పగటి పిట్టలకు చిన్నదే హాయి. మెడకు బరువని ఇంట్లో వదిలేసిన పెద్ద కెమెరా కంటే చేతిలో ఉన్న చిన్నది మేలు. మావాడికి పిట్టలే లోకమైతే ఆ రెండు లెన్సుల బేరమే తీసుకోమనేవాణ్ని.

"ఇప్పుడు చెప్పు, నీకు ఏది కావాలె? చెరువు కొంగలా, అరుగు మీది మనుషులా?" అని అడిగాను.

వాడు ఇంకా కెమెరా తెరమీది బాపమ్మ చేతులనే చూస్తున్నాడు.

పాతది కొనేముందు

అయితే మనసు పడ్డంత మాత్రాన డబ్బు ఇచ్చేయకూడదు. మర్నాడు పొద్దున కూర్చుని డీ7200ను ఒక్కో భాగం చూశాం.

మొదట షట్టరు లెక్క. నికాన్‌లో చాలా మోడళ్లకు, అప్పుడే తీసిన ఫొటో ఫైలులోనే ఇప్పటిదాకా ఎన్నిసార్లు నొక్కారో నమోదై ఉంటుంది. కేనన్‌లో చాలావాటికి అలా ఉండదు, వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. డీ7200 షట్టరును లక్షన్నర సార్లకు పరీక్షించామని కంపెనీ చెప్పింది. పెళ్లికి రెండు మూడు వేల ఫొటోలు అనుకుంటే యాభై నుంచి డెబ్బయ్యయిదు పెళ్లిళ్ల ఆయుష్షు. దీని లెక్క తొంభై వేలు దాటింది. ఆ సంఖ్య చేరగానే ఆగిపోతుందని కాదు, బేరమాడటానికి మాత్రం అది ఆధారం.

రెండోది సెన్సరు మీది దుమ్ము. ఎఫ్ 16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీస్తే నల్లటి మచ్చలుగా బయటపడుతుంది. తుడిస్తే పోయే దుమ్ము ఫరవాలేదు, తుడిచినా పోని గీత అయితే వద్దనుకోవాలి. మూడోది లెన్సుతో కొంటే తప్పక చూడాల్సింది. ఫోన్ టార్చి వేసి వెనకనుంచి గాజులోకి చూడాలి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది బూజు. వానాకాలం తేమలో బీరువాలో పెట్టినవాటికే ఎక్కువ పడుతుంది. కాబట్టి 'వాడలేదు' అన్నమాటను చూసి మురిసిపోకండి.

నాలుగో పరీక్షకు ఈ పేపరే చాలు. బల్ల మీద ఏటవాలుగా పెట్టి, నడిమి వరస మీద ఫోకస్ చేసి, ఎఫ్ 1.8లో తీయండి. ఆ వరసే స్పష్టంగా రావాలి. పై వరసో కింది వరసో స్పష్టంగా వస్తే ఫోకస్ జరిగిందన్నమాట. డీ7200లో దాన్ని సరిచేసుకునే సదుపాయం మెనూలో ఉంది, డీ3500లో లేదు. చివరగా రెండు కార్డులూ పెట్టి చూడాలి, ఫ్లాష్ వెలిగించాలి, బ్యాటరీ నింపి ఒక పూట వాడాలి. అరిగిన రబ్బరు గురించి బెంగ వద్దు. అది మారుతుంది. పైగా ఎక్కడ అరిగిందో చూస్తే కెమెరాను ఎలా పట్టుకోవాలో తెలుస్తుంది!

రబ్బరునూ, తొంభై వేలనూ చూపించి బేరమాడితే ఇరవయ్యారు వేలకు తెగింది. మిగిలిన పద్నాలుగు వేలు లెన్సు కోసం పక్కన పెట్టమన్నాను. నా 50 ఎంఎం ఆ రోజు నుంచి వాడి దగ్గరే ఉండిపోయింది. వాడు ఇవ్వలేదు, నేను అడగలేదు.

మన ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో 1940లలో గోండుల మధ్య గడిపిన హైమెండార్ఫ్, వాళ్ల జీవితాన్ని ఎన్నో ఫొటోల్లో నిలిపాడు. అప్పుడు ఆటో ఫోకస్ లేదు. తీసింది వెంటనే చూసుకునే తెర లేదు. ఆయన చేసిందల్లా ఆ మనుషుల మధ్య ఉండటం. ఆ పని ఏ కెమెరా కూడా మన బదులు చేయదు. మంచి కెమెరా చేయగలిగేదల్లా, మనం అక్కడ ఉన్నప్పుడు ఆ క్షణాన్ని జారిపోనివ్వకపోవడమే. మధ్యరకం కెమెరా గొప్పదనం అందమైన ఫొటోలో లేదు. తప్పిపోని ఫొటోలో ఉంది.

ఆ రాత్రి మావాడు బాపమ్మ ఫొటోను వాట్సాప్‌లో దుబాయ్‌కి పంపాడు. బాపమ్మకూ చూపించాడు. ఆవిడ ఫోన్‌ను దూరంగా పెట్టి, కళ్లు చిట్లించి చూసి, "నా చేతులు గిట్లయినయా?" అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

కాసేపటికి బావ ఫోన్ చేశాడు. కెమెరా ఎంత పడింది, ఎన్ని మెగాపిక్సెళ్లు, గ్యారంటీ ఉందా... ఏమీ అడగలేదు.

"అవ్వ బక్కగైందిరా. దవాఖానకు తీస్కపోండ్రి" అన్నాడు.

వారం వారం వీడియో కాల్‌లో చూస్తున్న మనిషే. అప్పటిదాకా ఆయనకు కనిపించలేదు.